మడీ, మాత్రా

మా ఇంట్లో మడికీ మాత్రకూ తగువు పడింది. తీర్చడానికి పెద్దమనుషులెవరూ దొరక్క నేనే కూర్చున్నాను. తగువు ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. కానీ అందులో నాకు తెలిసొచ్చిన సంగతి ఒకటుంది, అది చెబుదామని.

మా అత్తగారు పెనుకొండలో, కొండ కింద పాత ఇంట్లో ఉంటారు. పెద్దపేగు కాన్సరని తేలింది. మావైపు కాన్సర్ అనగానే కాళ్లు బెంగళూరుకే నడుస్తాయి. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ ఒకే రైలు దారి మీద ఉన్నాయి, హిందూపురం దాటితే బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లే. పొద్దుటి రైల్లో ఫైలు సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాళ్లు కనబడితే, కిద్వాయి కాన్సర్ ఆసుపత్రికా అని పక్కవాళ్లు అడిగేస్తారు. మేమూ అలా సంచి పట్టుకుని బెంగళూరు పోయినవాళ్లమే. ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ కాపెసిటబిన్ అనే మాత్రలు రాసింది. కీమో అంటే సెలైన్ సీసా, ఆసుపత్రి మంచం అనుకునేవాళ్లం. ఇది ఇంట్లోనే, అన్నం తిన్న అరగంట లోపల, నీళ్లతో మింగే కీమో. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, మధ్యలో సుమారు 12 గంటలు. అలా 14 రోజులు వేసుకోవాలి, 7 రోజులు ఆపాలి, మళ్లీ మొదలుపెట్టాలి.

నర్సమ్మ జాగ్రత్తలు చెబుతుంటే నాకు లోపల నవ్వొచ్చింది. ఆ మాత్రను ఇంకొకరు ఉత్త చేత్తో తాకకూడదు. తాకితే సబ్బుతో కడుక్కోవాలి. మిగతా మందులతో కలిపి ఒకే డబ్బాలో పెట్టకూడదు. విరవకూడదు, నూరకూడదు. కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు దాని జోలికే పోకూడదు. మాత్రలు వేసుకున్నన్నాళ్లూ, ఆపాక ఇంకో 48 గంటలూ, వాంతి గానీ మలమూత్రాలు గానీ అంటిన బట్టలు విడిగా, గ్లౌజులేసుకుని ఉతకాలి. టాయిలెట్లో రెండుసార్లు నీళ్లు పోయాలి. అన్నీ విని బయటికొచ్చాక మా అత్తగారు అడిగిన మొదటి మాట:

“ఏమ్మా, మాత్రలకు కూడా మడుంటుందా?”

ఆ ప్రశ్న నన్ను ఎందుకంత పట్టుకుందో తెలియాలంటే ఆ ఇంట్లో నేనేమిటో చెప్పాలి. నేను ధర్మవరంలో మగ్గాల ఇంట పుట్టాను. హిందూపురంలో హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా పెళ్లి రెండిళ్లూ ఒప్పుకుని చేసింది కాదు. కొత్తలో పండగలకు పెనుకొండ పోతే, అత్తగారు మడి కట్టుకుని ఉన్నంతసేపూ నేను వంటింటి గడప ఇవతలే. ఆమె మడికి కట్టుకునేది ధర్మవరం పట్టుచీర. పట్టుకు మైల లేదంటారు, నూలు బట్టలాగా రోజూ తడిపి దండెం మీద ఆరేయక్కర్లేదు. మా నాన్న గుంటమగ్గంలో కాళ్లు పెట్టి కూర్చుని, పోగు తెగినప్పుడల్లా వేలికొస నాలిక మీద తడుపుకుని, ముడేసి, నేసిన చీరల్లాంటిదే అది. నేసిన చెయ్యి తగిలితే మైల, నేసిన చీర చుట్టుకుంటే మడి. ఈ లెక్క ఆ వయసులో నన్ను చాలా కుళ్లబొడిచింది. ఇప్పుడు కోపం పోయింది, వింతగా మాత్రం ఉంటుంది.

అలాంటి ఇంట్లోకి, తాకకూడదు అనే నియమం పెట్టుకుని ఇంకొకటి వచ్చింది. వచ్చీ రాగానే పాతదాన్ని తలకిందులు చేసింది. ఎప్పుడూ ఆమె నన్ను ముట్టుకోవద్దనేవారు. ఇప్పుడు ఆమెను ఎవరైనా ముట్టుకోవచ్చు, మాత్రను ముట్టుకోకూడదు. చెప్పడానికి చిన్న తేడాలాగే ఉంది కదా. చుట్టాల బుర్రకెక్కించడానికి మాత్రం నాకు నెలలు పట్టింది. చూడ్డానికొచ్చినవాళ్లు ఆమెకు దూరంగా కుర్చీ లాక్కుని కూర్చునేవాళ్లు. ఒకావిడ కంచం, గ్లాసు వేరే పెట్టమంది, కాన్సర్ అంటుతుందేమోనని. కాన్సర్ అంటదు. ఆమె తిన్న కంచం అందరి కంచాల్లాగే సబ్బుతో కడిగితే చాలు. పక్కన పడుకోవచ్చు, కావిలించుకోవచ్చు, తల నిమరవచ్చు. కానీ అదే చుట్టం, పూజగదిలో అరుగు మీద పెట్టిన మాత్రల షీటు తీసి, ఒకటి ఊడబెరికి, ఉత్త చేత్తో అత్తగారికి అందివ్వబోయింది, సేవ చేద్దామని. మనిషిని దూరం పెట్టి విషాన్ని చేత్తో పట్టుకోవడం అంటే ఇదే.

మా అమ్మాయి కడుపుతో ఉండి పురిటికి ఇంటికొచ్చింది ఆ రోజుల్లోనే. అవ్వకు మందులిచ్చేది నేనే అని అది పట్టు. వద్దన్నాను. నీళ్లు తెచ్చివ్వు, పక్కన కూర్చో, కాళ్లు పట్టు, కబుర్లు చెప్పు, మాత్ర మాత్రం ముట్టుకోవద్దు అన్నాను. ఎందుకంటే ఈ మందు ఒంట్లో ఫైవ్-ఫ్లోరోయురాసిల్‌గా మారి, వేగంగా విభజన చెందే కణాల పని పడుతుంది. కాన్సర్ కణాలు అలాంటివే, కడుపులో బిడ్డా అలాంటి కణాల పోగే. పేగు లోపలి పొర, నోటి చర్మం కూడా అంతే, అందుకే నోటిపూత, బేదులు వస్తాయి. ఇంత చెబితే మా అమ్మాయికి అర్థమైంది. మా అత్తగారికీ అర్థమైంది. ఇక ఆమే కాపలా. షీటు ఉన్న దిక్కుకు మనవరాలు నడిచినా ఊరుకునేవారు కాదు.

కారణం తెలిసిన నియమానికి ఒక మేలుంది. అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిసిపోతుంది. 48 గంటలంటే 48 గంటలే. ఆ తరువాత ఆ బట్టలు అందరి బట్టల్లోనే ఉతకొచ్చు. కారణం తెలియని నియమానికి హద్దుండదు. అది బట్టనుంచి మనిషికి పాకుతుంది, మనిషినుంచి కులానికి పాకుతుంది, తరాలు గడిచినా తన గంటలు ఎప్పుడు పూర్తవుతాయో చెప్పదు. మడి మొదట్లో ఏ ఉద్దేశంతో పుట్టిందో నాకు అనవసరం. శుభ్రత కోసమే పుట్టిందని సర్దిచెప్పేవాళ్లను చూస్తే నాకు చిరాకు. శుభ్రత కోసమైతే సబ్బుతో చేతులు కడుక్కున్న నన్ను గడప దాటనిచ్చేవాళ్లు కదా.

ఇక్కడితో ఆగితే సైన్సు టీచరమ్మ గెలిచినట్టే. కానీ ఆగకూడదు, ఎందుకంటే మా అత్తగారి వైపు వాదం గట్టిది.

కీమో మాత్రలు ఇంట్లో వేసుకునేవాళ్లతో పెద్ద చిక్కు ఏమిటంటే, మరిచిపోతారు. మా ఆయన బీపీ మాత్ర వారంలో రెండు పూటలైనా ఎగ్గొడతారు, కారణాలన్నీ తెలిసిన ఎంఎస్సీ మనిషి. అత్తగారు ఒక్క పూట తప్పలేదు. గోడ మీద పంచాంగం క్యాలెండర్లో తిథి పక్కన పెన్సిలుతో గీత గీసుకునేవారు. తినడం, గడియారం చూడడం, కూర్చోవడం, నీళ్లు తాగడం, మాత్ర, ఇంకా నీళ్లు. నేను గ్లౌజేసుకుని షీటులోంచి మాత్రను చిన్న స్టీలు గిన్నెలోకి నొక్కితే, గిన్నె నోటి దగ్గరికెత్తి వేసుకునేవారు. ఆ గిన్నె దానికే, ఇంక దేనికీ వాడనివ్వలేదు. ఇది నర్సమ్మ చెప్పలేదు, ఆమెకే తోచింది. కారణం అడగకుండా నియమం పాటించడం అలవాటైన ఒంటికి ఇదంతా కొత్త కాదు. “కారణాలు అడిగేవాడు మొదటి దినం అడుగుతాడు, రెండో దినం సాకు చెప్తాడు” అన్నారొకసారి, కొడుకు వైపు చూస్తూ. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఒక మాత్ర మరిచిపోతే తరువాతి పూటకు రెండు వేసుకోకూడదని, వాంతైతే అదే పూట మళ్లీ వేసుకోకూడదని చెప్పినప్పుడు మాత్రం ఆమెకు నచ్చలేదు. తప్పిన సంధ్యావందనానికి ప్రాయశ్చిత్తం ఉంది కదా, తప్పిన మాత్రకు ఎందుకు లేదు? భక్తిలో ఎక్కువనేది లేదు. లక్ష బిల్వార్చన చేసినవాణ్ణి చూసి ఎవరూ డోసు ఎక్కువైందనరు. మందు దగ్గర ఆ లెక్క చెల్లదు. ఇదే మెతోట్రెక్సేట్ అనే మందు విషయంలో ప్రపంచమంతటా ప్రాణాలు తీసింది. కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు దాన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకున్నవాళ్లు ఎముక మూలుగ దెబ్బతిని పోయారు. ఎగ్గొట్టి పోయినవాళ్లు కాదు, రోజూ తప్పకుండా వేసుకుని పోయినవాళ్లు.

ఆ మందు పుట్టుకలో మన తెలుగువాడి చెయ్యి ఉంది. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. కుర్రతనంలో సన్యాసం వైపు మనసు పోయింది, చివరికి వైద్యం చదివి అమెరికా చేరాడు. లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. తరువాత ఆ ఆమ్లానికి అడ్డుపడే మందులు, అమినోప్టెరిన్, మెతోట్రెక్సేట్, చేసింది. అమినోప్టెరిన్‌ను బోస్టన్లో సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సర్ పిల్లలకిచ్చి, జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గడం చూసి, 1948లో ప్రకటించాడు. ఆ ఏడాదే సుబ్బారావు పోయాడు. పెంచేదాన్నీ ఆపేదాన్నీ రెండిటినీ ఒకే గదిలో చేసిన మనిషి. మా ఇంట్లోకి ఆయన ఇంకో దారిన వచ్చాడు. ధర్మవరం నుంచి మా చిన్నమ్మ ప్రేమగా ‘బలం మాత్రలు’ తెచ్చింది, అత్తగారు నీరసంగా ఉన్నారని. డబ్బా తిప్పి చదివితే అందులో ఫోలిక్ ఆమ్లం. మామూలు మనిషికి మంచిదే. కాపెసిటబిన్‌తో కలిస్తే ఆ మందు విషప్రభావాన్ని పెంచుతుంది. రక్తం పలచబడడానికి వాడే వార్ఫరిన్‌తోనూ కాపెసిటబిన్‌కు పడదు. డాక్టరమ్మను అడగకుండా పసరైనా, లేహ్యమైనా, బలం మాత్రైనా ఇంట్లోకి రానివ్వలేదు నేను. చిన్నమ్మకు కోపమొచ్చింది, వచ్చినా సరే.

అసలు తగువు రెండో విడతలో వచ్చింది. పదకొండో రోజు రాత్రి దొడ్లో బాల్చీ చప్పుడైంది. కాసేపటికి మళ్లీ. పొద్దున అడిగితే ఏం లేదన్నారు. రెండోసారి అడిగితే, ముందు రోజు నుంచే బేదులు అవుతున్నాయని ఒప్పుకున్నారు. మామూలుకంటే రోజుకు నాలుగుసార్లు ఎక్కువైనా, రాత్రి లేవాల్సొచ్చినా మాత్ర ఆపి వెంటనే ఫోన్ చెయ్యాలని మాకు కాగితం మీద రాసిచ్చారు. జ్వరం 100.4 దాటినా అంతే. ఆ కాగితం దేవుడి పటాల కిందే అంటించాను. ఆమె చదివారు కూడా. చదివీ, రాత్రి మాత్ర వేసుకున్నారు.

“పద్నాలుగు దినాలని ఒప్పుకున్న్యాం గదమ్మా. మూడు దినాలుండంగా ఇడిస్తే ఫలం దక్కుతుందా?”

ఆమె మనసులో అది దీక్ష. మాలేసుకున్నవాడు మండలం మధ్యలో తీసెయ్యడు. కడుపునొప్పి, నీరసం, పరీక్ష పెడుతున్నాడు దేవుడు, ఓర్చుకోవాలి. ఏ నిష్ఠ ఆమెను అంత మంచి రోగిని చేసిందో, ఆ నిష్ఠే ఆమెను ప్రమాదంలోకి తోస్తోంది. హాలాహలం కథ చెప్పి ధైర్యమివ్వడానికి వచ్చినవాళ్లు బోలెడుమంది. శివుడు దాన్ని మింగలేదు, గొంతులో ఆపాడు, ఆపడం ఆయనకు తెలుసు అని వాళ్లలో ఒక్కరూ చెప్పలేదు. నేను బెంగళూరుకు ఫోన్ చేశాను. మాత్ర ఆపెయ్యమన్నారు, ఓఆర్ఎస్ తాగించి తీసుకురమ్మన్నారు. పోయాం, సెలైన్ పెట్టారు, తగ్గింది. తరువాతి విడతకు డోసు తగ్గించారు. ఆపిన రోజుల మాత్రలు మళ్లీ వేసుకోవాల్సిన పని లేదన్నారు.

ప్రాణం కుదుటపడింది గానీ మనసు కుదుటపడలేదు ఆమెకు. మొక్కు చెడిందన్న దిగులు. నా జీవశాస్త్రం అక్కడ పనిచెయ్యదు. అందుకని వాళ్లింటికి తరాలుగా పౌరోహిత్యం చేసే శాస్త్రిగారిని పిలిపించాను. ఆయన ఏం చెబుతారో అని భయపడుతూనే. ఆయన వచ్చి, మంచం పక్కనే కూర్చుని, వేరే మాటలు ఏమీ లేకుండా, విదురనీతిలో వ్రతాన్ని చెరపనివి ఎనిమిది చెప్పారనీ అందులో మందొకటనీ అన్నారు. రోగంలో, ఆపదలో ముందు ఒంటిని కాపాడుకో, ధర్మం తరువాత చేసుకోవచ్చు అని పరాశర స్మృతి చెబుతుందన్నారు. ఏకాదశి నాడు మాత్రకోసం తిన్న అన్నం ఉపవాసాన్ని చెరుపుతుందా అని ఆమె అడిగారు. మందుతో వచ్చింది కాబట్టి ఆ అన్నమూ మందేనమ్మా అన్నారాయన. ఇది ఏ స్మృతిలోనూ ఉండకపోవచ్చు, ఆయన సొంతదే అని నా అనుమానం. గొప్ప మాట.

తరువాత ఆయన చెప్పిందే నన్ను కదిలించింది. రోగికి స్నానం చేయాల్సిన మైల వచ్చి, చేయలేని స్థితిలో ఉంటే ఏం చెయ్యాలి? పరాశరుడే చెప్పాడట: రోగం లేనివాడు పదిసార్లు స్నానం చేసి, చేసినప్పుడల్లా వచ్చి రోగిని తాకాలి. అప్పుడు రోగి శుద్ధి అవుతాడు. తాకితే మైల అనే శాస్త్రంలోనే, తాకడంవల్ల మైల పోవడం! మునకలు ఆరోగ్యవంతుడివి, చలి ఆరోగ్యవంతుడిది, శుద్ధి రోగిది. ఇన్నేళ్లూ గడప ఇవతల నిలబడి నేను మడి మీద పెట్టుకున్న వాదనంతటికీ ఈ సంగతి సగం జవాబు. మిగతా సగం, ఇది ఇంతకాలం ఎవరూ మాకెందుకు చెప్పలేదన్నది. దూరం పెట్టే శ్లోకాలు ఇంటింటికీ తెలుసు, దగ్గరికి రమ్మనే శ్లోకం ఒక్క ముసలి శాస్త్రిగారికి తెలుసు.

ఇది మా ఒక్క మతం గొడవే కాదు. పెనుకొండ అంటే బాబయ్య దర్గా కూడా. హిందూపురంలో నాతో పనిచేసిన ఉర్దూ టీచరు వాళ్లక్క రంజాన్‌లో ఇదే మాత్రల మీద ఉండింది. సహరీకీ ఇఫ్తార్‌కూ మధ్య గంటలు మాత్రకు దాదాపు సరిపోతాయి కదా అని లెక్కేసింది ఆమె. గంటలు సరిపోవచ్చు గానీ, పగలంతా నీళ్లు లేకుండా ఉంటే, బేదులు కూడా మొదలైతే, మూత్రపిండాలు దెబ్బతినొచ్చు. ఖురాన్ రెండో అధ్యాయంలోనే రోగికి మినహాయింపు ఉంది, తరువాతి రోజుల్లో తీర్చుకోవచ్చు. మినహాయింపు ఉన్నా వాడుకోవడానికి మనసొప్పదు, అదీ అసలు బాధ. అల్లా ఇచ్చిన సెలవు వద్దంటే అది భక్తా, మొండితనమా అని నా స్నేహితురాలు అక్కను నిలదీసిందట. నాకది నచ్చి, వచ్చి మా అత్తగారికి చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరువాతి విడతలో తొమ్మిదో రోజు నోట్లో పుండు లేచినప్పుడు తానే నన్ను పిలిచి చూపించారు.

ఇంకో ముచ్చట. ఈ మందుకు అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండుతాయి, తోలు ఊడుతుంది. వేడినీళ్లు తగలకూడదు, రోజూ క్రీమ్ రాయాలి. ఆ రాయడం నా పని. పెళ్లైనప్పటినుంచీ ఆమె చేతుల్ని నేనంతసేపు పట్టుకున్నది లేదు. వేలికొసల మీద గీతలు నున్నగా అరిగిపోయాయి. పింఛను కోసం బతికే ఉన్నానని ఏటేటా వేలిముద్ర వెయ్యాలి కదా, యంత్రం ఒప్పుకోలేదు. నాలుగు వేళ్లూ పెట్టి చూశారు, చివరికి కంటిపాప చూపించి బతికి బయటపడ్డాం. ఇదే మందు వాడుతున్న సింగపూరు పెద్దమనిషి ఒకాయన్ను 2008లో అమెరికా విమానాశ్రయంలో వేలిముద్రలు లేవని గంటల తరబడి ఆపేశారు. 2009లో అన్నల్స్ ఆఫ్ ఆంకాలజీ పత్రికలో ఆ సంగతి వచ్చింది. చదివి వినిపిస్తే మా అత్తగారు నవ్వారు. “దేవుడు రాసింది నుదుట్లో గదా, వేళ్లలో కాదులే” అన్నారు.

డోసు తగ్గించడంతో కొన్ని షీట్లు మిగిలిపోయాయి. వాటిని ఏం చెయ్యాలన్నది చివరి పేచీ. పూజ చేసిన పూలు, పాత పటాలు, వాడిన దర్భలు, ఏదైనా సరే మా ఇంట్లో మిగిలితే చెరువులో కలపడమే. మాత్రలూ పటాల కింద నెలల తరబడి ఉన్నాయి కాబట్టి ఆమె దృష్టిలో వాటికీ అదే గతి. చెరువులో వేస్తే ఆ విషం నీళ్లలో చేరుతుంది, చెత్తబుట్టలో వేస్తే చెత్త ఎత్తేవాళ్ల చేతికంటుతుంది. ఆసుపత్రికే తిరిగివ్వాలి. మన దేశంలో 2016 నాటి వైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇలాంటి మందులు పసుపు సంచిలోకో డబ్బాలోకో పోతాయి, 1200 డిగ్రీల పైన కొలిమిలో కాల్చాలి. నిప్పు అనేసరికి ఆమె కొంత మెత్తబడ్డారు.

“అయితే బూడిద ఏం చేస్తారు?”

అదీ నీళ్లలో కలపరత్తా, ప్రమాదకరమైన చెత్తకు వేరే గొయ్యి ఉంటుంది అన్నాను. సరేనన్నారు. మరుసటి చెకప్‌కు పోయినప్పుడు షీట్లన్నీ మూత డబ్బాలో పెట్టి, పైన మందు పేరు రాసి, రైల్లో సీటు కింద కాకుండా తన సంచిలోనే పెట్టుకున్నారు. మందుల కౌంటరు దగ్గర పిల్లవాడు డబ్బాను అలాగే తీసుకుని పక్కన పడెయ్యబోతే, గ్లౌజేసుకుని లెక్కపెట్టి తీసుకో నాయనా అని నిలబెట్టారు. వెనకాల లైను పెరిగిపోతున్నా వాడు లెక్కపెట్టేదాకా కదల్లేదు.